శ్రీయుత నో-ప్రైజ్ గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ నో-ప్రైజ్ గారి సముఖమునకు,

తమరు లేరు కాబట్టి తమరి క్షేమం గురించి నాకు బెంగ లేదు. నేను బాగానే ఉన్నాను.

తమరిని మొదటిసారి చూసింది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద. ఆదివారం పాత పుస్తకాలు పరిచే చోట, ఎంట్రన్స్ గైడ్ల గుట్ట కింద, అట్ట పోయిన స్పైడర్‌మ్యాన్ కామిక్ ఒకటి దొరికింది. కథలో చివరి పేజీ లేదు. ఉత్తరాల పేజీ మాత్రం నలగకుండా ఉంది. ఎడమ చేతికి దెబ్బ తగిలితే కట్టు కుడి చేతికి ఎందుకుందని ఎవరో కుర్రాడు నిలదీశాడు. ఎడిటర్ గారు ఏమాత్రం సిగ్గుపడకుండా, "భలే పట్టావు, నీకో నో-ప్రైజ్" అన్నారు. నోబెల్ ప్రైజ్ అనబోయి అచ్చుతప్పు పడిందేమో అనుకున్నాను. కట్టు చెయ్యి మారిందని కనిపెడితే నోబెల్ ఇచ్చే దేశం ఎంత గొప్పదో అని చాలాకాలం అమెరికా మీద గౌరవం కూడా పెంచుకున్నాను.

తర్వాత తెలిసింది, తమరంటే ఏమీ లేదని. తిట్టడం లేదు, తమరి స్వరూపమే అది.

తమరి జన్మ వృత్తాంతం తమరికే చెప్పడం బాగుండదు గానీ ఈ ఉత్తరం పక్కవాళ్ళు కూడా చదువుతారు కదా. అరవైల్లో డీసీ కామిక్స్‌లో జూలియస్ ష్వార్ట్జ్ అనే ఎడిటర్ మంచి ఉత్తరం రాసిన పాఠకులకు ఒరిజినల్ బొమ్మల పేజీలు, స్క్రిప్టులు పంపించేవారు. అవతల స్పైడర్‌మ్యాన్‌ని వేసే మార్వెల్ కంపెనీలో స్టాన్ లీ గారు రచయితా తనే, ఎడిటరూ తనే. ఆయన దగ్గర పంపడానికి తప్పులు తప్ప ఇంకేం మిగిలేవి కావు. అందుకని 1964 ప్రాంతంలో తప్పు పట్టినవాడికి "ఏమీ లేదు" అనే బహుమతి ప్రకటించారు. జనం దాన్నీ సరదాగా ఎగబడి తీసుకున్నారు. 1967 నుంచి తమరికి ఒక ఒళ్ళు కూడా వచ్చింది. "అభినందనలు! మీరు గెలుచుకున్న అసలు సిసలు మార్వెల్ నో-ప్రైజ్ ఈ కవరులో ఉంది" అని పైన అచ్చు వేసిన కవరు పోస్టులో వచ్చేది. చింపితే లోపల ఖాళీ.

అది చూసి కొందరు పాఠకులు, "అయ్యా, నా కవరులోది దారిలో ఎవరో కొట్టేసినట్టున్నారు, ఇంకొకటి పంపండి" అని మళ్ళీ రాశారట. నాకు వాళ్ళంటే గౌరవం. నమ్మకం అంటే అలా ఉండాలి.

స్టాన్ లీ గారి మతిమరుపు లేకపోతే తమరికి అంత పని ఉండేది కాదు. పేర్లు గుర్తుండవని ఆయన పాత్రలకి రెండు ముక్కలూ ఒకే అక్షరంతో మొదలయ్యేలా పేర్లు పెట్టేవారు. పీటర్ పార్కర్, రీడ్ రిచర్డ్స్, బ్రూస్ బ్యానర్. ఇంత ముందుజాగ్రత్త పడ్డ మనిషి 1963లో స్పైడర్‌మ్యాన్ సొంత పత్రిక మొదటి సంచికలోనే అతన్ని పీటర్ పామర్ అనేశారు. ఆ మరుసటి ఏడు బ్రూస్ బ్యానర్‌ని బాబ్ బ్యానర్ చేశారు. చూడండి, అక్షరం గుర్తుంది, పేరే పోయింది! పాఠకులు ఊరుకోలేదు. దానికి ఆయన జవాబు: ఇకనుంచి అతని పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్, ఇప్పుడు మేం ఏమని పిలిచినా తప్పు కాదు. అంతే, అచ్చుతప్పుకి అన్నప్రాసన అయిపోయింది. ఈ బ్యానరే హల్క్‌గా మారేది. ఆ హల్క్ మొదటి సంచికలో బూడిద రంగు ప్రెస్సులో కుదరక పేజీకో రకంగా వస్తే, రెండో సంచికకల్లా ఆకుపచ్చ చేసేశారు. ఇవాళ ప్రపంచమంతా పిల్లలు వేసుకునే పచ్చ రంగు ఒక ప్రింటింగ్ ప్రెస్ చేతకానితనం.

అక్కడితో ఆగితే తమరు ఒక జోకుగా మిగిలిపోయేవారు. తర్వాత్తర్వాత రూలు మార్చారు కదా, అక్కడ బయటపడింది తమరి అసలు తెలివి. తప్పు చూపిస్తే చాలదు, అది తప్పే కాదని నిరూపించాలి. కట్టు ఎడమ నుంచి కుడికి ఎందుకు మారిందో కథకి అడ్డం రాని కారణం పాఠకుడే చెప్పాలి. మన అవధానాల్లో సమస్యాపూరణం లాంటిదే ఇది. అక్కడ పృచ్ఛకుడు అర్థం పర్థం లేని పాదం ఒకటి ఇస్తాడు, అవధాని దానికి మూడు పాదాలు కలిపి అర్థం తెప్పిస్తాడు. తమరి దగ్గర జీతం తీసుకునే ఎడిటర్ వెర్రి పాదం వేస్తాడు, పుస్తకం డబ్బులిచ్చి కొనుక్కున్న పన్నెండేళ్ళ కుర్రాడు అవధానం చేస్తాడు. మనవాళ్ళు కనీసం శాలువా కప్పుతారు.

బిరుదులు కూడా పెట్టారట. నెలకి మూడు పుస్తకాలు కొంటే ఒకటి, ఉత్తరం అచ్చయితే ఒకటి, తమరిని గెలిస్తే "టైటానిక్ ట్రూ బిలీవర్". ఈ పథకం చెప్పిందీ జీతం లేని పాఠకుడే, పేరు మార్క్ ఎవానియర్. ఆయన తర్వాత తనూ కామిక్స్ రచయిత అయ్యారు. ఎడిటర్ల కుర్చీ ఉత్తరాల పేజీ పక్కనే వేసి ఉండేదనుకుంటాను. రాయ్ థామస్ గారూ ఇలా ఉత్తరాలు రాస్తూ రాస్తూ వచ్చినవారే. 1972లో మార్వెల్ ప్రధాన సంపాదకుడయ్యారు. అవగానే అర్థమై ఉంటుంది, ఉత్తరం రాయడం కంటే జవాబు రాయడం ఎంత కష్టమో.

ఎందుకంటే 1973లో పీటర్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ చనిపోయింది.

స్పైడర్‌మ్యాన్ 121వ సంచిక. రాసింది ఇరవై ఏళ్ళ జెర్రీ కాన్వే. గ్రీన్ గాబ్లిన్ అనే విలన్ ఆ అమ్మాయిని వంతెన మీంచి తోసేస్తాడు, పీటర్ సాలెతాడు వేసి పట్టుకుంటాడు, ఆమె మెడ దగ్గర చిన్న అక్షరాల్లో "స్నాప్" అని ఉంటుంది. ఆ ఒక్క చప్పుడు మీద యాభై ఏళ్ళుగా పంచాయితీ నడుస్తోంది. పడిపోవడం వల్ల చనిపోయిందా, పట్టుకోవడం వల్ల చనిపోయిందా? నాలుగు సంచికల తర్వాత ఉత్తరాల పేజీలో తీర్పు వచ్చింది. తాడు ఒక్కసారిగా ఆపిన కుదుపుకే మెడ విరిగింది, ఆపకపోయినా చనిపోయేదే, వేరే దారి లేదు అని. అంటే మీ హీరోయే చంపాడు గానీ తప్పు అతనిది కాదు. ఇంత ఘోరమైన వార్త చందాదారుల ప్రశ్నలకు జవాబుల మధ్య, చిన్న అక్షరాల్లో.

ఇంకో ముచ్చట. మాటల్లో అది జార్జ్ వాషింగ్టన్ వంతెన, బొమ్మలో చూస్తే బ్రూక్లిన్ వంతెన. రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన బొమ్మ గీసి కింద ప్రకాశం బ్యారేజీ అని రాసినట్టు. ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఇంకో చేత్తో వంతెన తప్పని ఉత్తరం రాసిన పాఠకుడు ఒక్కడైనా ఉండి ఉంటాడని నా గట్టి నమ్మకం. అభిమాని అంటే నాకు తెలిసిన నిర్వచనం అతనే.

స్టాన్ లీ గారు అప్పటికి కాలేజీల్లో ఉపన్యాసాలిస్తూ తిరుగుతున్నారు. వెళ్ళినచోటల్లా గ్వెన్‌ని ఎందుకు చంపారని పిల్లలు పట్టుకున్నారు. ఆ నిర్ణయం జరిగినప్పుడు నేను ఊరెళ్ళే హడావిడిలో ఉన్నానని ఆయన తర్వాత చెప్పుకొచ్చారు. ఎడిటర్ల వృత్తిలో ఇంతకంటే పాత జవాబు లేదు. ఊరుకోలేక, ఆ పిల్లని వెనక్కి తెమ్మని కాన్వే మీద పడ్డారు. చచ్చిపోయిన మనిషిని ఎలా తెస్తాం? 1975లో గ్వెన్ క్లోన్‌ని తెచ్చారు. అదే ఊపులో పీటర్‌కీ ఒక క్లోన్‌ని పుట్టించి, పని కాగానే ఫ్యాక్టరీ చిమ్నీలో పడేసి చేతులు దులుపుకున్నారు.

నో-ప్రైజ్ గారూ, చిమ్నీలో పడేసినవి తిరిగి వస్తాయి. 1994లో ఆ క్లోన్ వచ్చాడు. పీటర్‌ని పెంచిన పెదనాన్న బెన్ పేరు, మే అత్త పుట్టింటి పేరు కలిపి బెన్ రైలీ అని పేరు పెట్టుకున్నాడు. కొన్ని నెలల కథ అనుకున్నది, బాగా అమ్ముడుపోతోందని సాగదీస్తే రెండేళ్ళు నడిచింది. మన టీవీ సీరియల్ వాళ్ళు విని ఉంటే కంటతడి పెట్టేవాళ్ళు. 1995లో, అసలు పీటర్ ఇన్నాళ్ళూ క్లోన్ అనుకున్నవాడేనని, మీరు ఇరవై ఏళ్ళుగా చదివినవాడు నకలని చెప్పారు. పాఠకులు ఎలా మండిపడ్డారో వేరే చెప్పాలా? 1996 చివరికల్లా "కాదు కాదు, నకలు వాడే, అసలు వీడే" అని తిప్పేశారు. తిప్పడానికి 1973లో చచ్చిన గ్రీన్ గాబ్లిన్‌ని లేపారు. ఆ మధ్యలో మే అత్త కూడా 400వ సంచికలో చనిపోయింది. చాలా మంచి చావు అది, చదివినవాళ్ళు ఏడ్చారు. మూడేళ్ళ తర్వాత తేలిందేమిటంటే చనిపోయింది మే అత్త కాదు, గాబ్లిన్ డబ్బిచ్చి పెట్టుకున్న ఒక నటి. చనిపోతున్నప్పుడు కూడా వేషం తియ్యలేదు! ఇంత అంకితభావానికి ఏ నంది అవార్డు సరిపోతుంది? తమరే సరిపోతారు.

1962లో పదిహేనేళ్ళ పీటర్‌కి లెక్క ప్రకారం ఈపాటికి ఎనభై దగ్గర పడాలి. దాని గురించి అడక్కూడదని అందరూ ఒప్పందానికి వచ్చారు కాబట్టి నేనూ అడగను.

ఒకసారి మాత్రం జవాబులు చెప్పలేక పాఠకుల చేతికే కత్తి ఇచ్చారు. తమరి ఇంట్లో కాదు, ఎదురింట్లో. 1988లో డీసీ వాళ్ళు బ్యాట్‌మ్యాన్ పక్కనుండే రెండో రాబిన్ జేసన్ టాడ్ బతకాలా చావాలా అని ఫోన్ ఓటింగ్ పెట్టారు, కాల్‌కి యాభై సెంట్లు. చావాలని 5,343, బతకాలని 5,271. డెబ్బై రెండు ఓట్ల తేడాతో పిల్లవాడు పోయాడు. అప్పటి ఎడిటర్ డెనిస్ ఓనీల్ గారికి ఆ తర్వాత వచ్చిన తిట్లకి లెక్క లేదు. ఓటేసినవాళ్ళు ఎప్పట్లాగే ఊళ్ళో లేరు.

తమరి వల్ల బాగా అలసిపోయిన ఎడిటర్ మార్క్ గ్రూన్‌వాల్డ్. కథల మధ్య పొంతన గురించి ఆయన కంటే తెలిసినవాడు మార్వెల్‌లో లేడు. ఆయనా ముందు సొంతంగా అభిమాన పత్రిక వేసుకున్న బాపతే. ఎనభైల్లో తమరిని పంచడానికి ఒక్కో ఎడిటర్ ఒక్కో రూలు పెట్టుకుంటే, అవన్నీ 1986లో ఐరన్ మ్యాన్ ఉత్తరాల పేజీలో వేశారు. జనం కథ చదవడం మానేసి ఈకలు పీకడానికే పుస్తకం కొంటున్నారని గ్రూన్‌వాల్డ్ విసుక్కున్నారు. 1996లో చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం అస్థికలు సిరాలో కలిపి ఆయన రాసిన ఒక కథాసంపుటి అచ్చు వేశారు. దీని మీద నేను జోకు వెయ్యను.

2006లో టామ్ బ్రెవూర్ట్ అనే ఎడిటర్ తమరిని డిజిటల్ చేశారు. ఇదివరకు కవరు వచ్చేది, లోపల ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు కవరూ రాదు, దాని బొమ్మ వస్తుంది. అద్వైతం ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

ఇక నా మనవి. ఈ ఉత్తరంలో నేను ఒక తప్పు చేశాను, తమరు గమనించే ఉంటారు. మే గారిని అత్త అన్నాను. బెన్ పార్కర్ పీటర్ తండ్రి రిచర్డ్‌కి అన్నగారు. పైన ఆయన్ని పెదనాన్న అని నేనే రాశాను. అలాంటప్పుడు ఆయన భార్య పెద్దమ్మ అవుతుంది గానీ అత్త ఎలా అవుతుంది? ఇంగ్లీషువాళ్ళకి అత్త, పిన్ని, పెద్దమ్మ అందరూ ఒకటే కాబట్టి అరవై ఏళ్ళుగా ఏ పాఠకుడూ ఈ ఉత్తరం రాయలేదు. రాయవలసినవాళ్ళం మనమే, మనం ఆబిడ్స్‌లో ఉన్నాం.

రూలు ప్రకారం ఇది తప్పు కాదని కూడా నేనే నిరూపిస్తున్నాను. చిత్తగించండి. బెన్ గారు ఇల్లరికపు అల్లుడు. పార్కర్ల ఇంటి ఆడపడుచు మే గారు. కొడుకు రిచర్డ్ గూఢచారి ఉద్యోగంలో దేశాలు పట్టి తిరుగుతున్నాడని 1968 యాన్యువల్‌లో మీవాళ్ళే వేశారు కదా. ఇంటి పట్టున ఒక మగదిక్కు ఉండాలని పెద్దవాళ్ళు బెన్‌ని ఇల్లరికం తెచ్చుకున్నారు, ఆయన ఈ ఇంటిపేరు తీసుకున్నాడు. తమ్ముడు తమ్ముడు అని బావమరిదిని ప్రేమకొద్దీ పిలుస్తుంటే న్యూయార్క్‌లో అందరూ నిజం అన్నదమ్ములనుకున్నారు. కాబట్టి ఆవిడ మేనత్తే. నేను పెదనాన్న అనడం మాత్రం ఆ న్యూయార్క్ వాళ్ళ మాట నమ్మడం వల్ల.

మే గారి పుట్టింటి పేరు రైలీ అయినప్పుడు ఆవిడ పార్కర్ల ఆడపడుచు ఎలా అవుతుందని ఈపాటికే ఎవరో ఒకరు ఉత్తరం మొదలుపెట్టి ఉంటారు. రాసుకోనివ్వండి. చిన్నప్పుడు ఆవిడని రైలీ వాళ్ళకి దత్తత ఇచ్చిన కథ ఒకటి నా దగ్గర ఉంది, వచ్చే నెల పంపిస్తాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఆబిడ్స్ పాఠకుడు

తా.క.: నాకు కవరే పంపండి, బొమ్మ వద్దు.