లాగితే లాగు తడిసింది

1950ల నాటి అమెరికా కార్ల ఫొటోలు చూస్తే కొన్నింటికి ముందు సీటు పక్క కిటికీకి పాలక్యాను అడ్డంగా కట్టేసినట్టు ఒక రేకు డబ్బా వేలాడుతుంటుంది, ముందుకు నోరు తెరుచుకుని. అప్పటి మామూలు జనానికి కారు ఏసీ అంటే అదే. కంప్రెసరు లేదు, గ్యాసు లేదు. లోపల ఉన్నదల్లా నాలుగు లీటర్ల దాకా నీళ్లు, చెక్క తురుము ప్యాడు (మన కూలర్ గడ్డికి అన్నగారు), ఒక తాడు. కారు పరిగెడితే వేడిగాలి డబ్బా నోట్లో దూరి, తడి ప్యాడు గుండా చల్లబడి లోపలికొస్తుంది. కారు ఆగిందా, చల్లదనమూ ఆగింది. ప్యాడు ఆరిపోతే తాడు లాగాలి. దాంతో ప్యాడు చుట్టిన డ్రమ్ము తిరిగి అడుగునున్న నీళ్లలో మునిగి లేస్తుంది. మన ఇళ్లలో వట్టివేళ్ల తడికల మీద ఎవరో ఒకరు చెంబుతో నీళ్లు చల్లేవారు కదా, కారులో ఆ కొలువు డ్రైవరు పక్కన కూర్చున్నవాడిది.

1952 జులై అనుకుందాం. కాలిఫోర్నియా సరిహద్దు ఊరు నీడిల్స్. అక్కడినుంచి బార్‌స్టో దాకా రూట్ 66 మీద 200 కిలోమీటర్లకు పైమాటే, అంతా మోహావీ ఎడారి. బుద్ధిమంతులు రాత్రిపూట దాటేవారు. మన బావ, బావమరిది మాత్రం ఉదయం టిఫిను బాగా పట్టించి పదకొండింటికి బయల్దేరారు. (ఇద్దరూ అమెరికన్లే. మన సౌకర్యం కోసం తెలుగులో మాట్లాడుకుంటున్నారు.)

డబ్బా బిగించడం బావ చేశాడు, బాగానే చేశాడు. అద్దం కొంచెం దించి, డబ్బా కొక్కేలు అద్దం అంచుకు తగిలించి, అద్దాన్ని మళ్లీ పైకి తిప్పి బిగించాడు. నాలుగు లీటర్ల నీళ్లంటే నాలుగు కిలోలు, ఆపైన డబ్బా బరువు. ఆ తలుపును ఢామ్మని వేస్తే అద్దం గతి అంతే. నీళ్లు పోసింది బావమరిది. గీత దాకా చాలన్నా వినలేదు, మూత అంచు దాకా పోశాడు.

"చల్లదనం దగ్గర పిసినారితనమేంటి బావా?"

మొదటి అరగంట స్వర్గం. బయట 42 డిగ్రీలు, గాలిలో తేమ పది శాతం. అలాంటి గాలిని నీళ్లు 20 డిగ్రీల దాకా దించగలవు. అది లెక్క ప్రకారం. కిటికీ డబ్బాకు అంత సీను లేదు, అందులో సగం దించినా గొప్పే. అయినా మొహానికి తగిలే ఆ చల్లగాలికి బావమరిది పొంగిపోయాడు. ఇదే డబ్బాను మే నెలలో మచిలీపట్నం తీసుకొస్తే 36 డిగ్రీలు, 70 శాతం తేమ దగ్గర లెక్క ప్రకారమే ఐదు డిగ్రీలు దాటదు. మిగిలేది ఉక్కపోత, దానికి తోడు తడిగడ్డి కంపు.

ఇంతలో బావకు ఒక ఆలోచన వచ్చింది. చల్లదనం బయటికి పోతోందని మిగతా అద్దాలన్నీ మూయించాడు. ఈ డబ్బాతో అది చెయ్యకూడని పని. వచ్చిన తడిగాలి పోవడానికి అటుపక్క వెనక కిటికీ రెండు వేళ్లంత తెరిచి ఉండాలి. లేకపోతే కొత్త గాలి లోపలికి రాదు, ఉన్న గాలి ఇడ్లీ పాత్రలో గాలైపోతుంది. పది నిమిషాల్లో ఇద్దరికీ చెమటలు.

"ప్యాడు ఆరిపోయినట్టుంది" అని బావమరిది తాడు లాగాడు. చల్లబడలేదు. మళ్లీ లాగాడు. "ఇంకొక్కసారి చూస్తా" అని మరో నాలుగు.

ప్యాడు తడిగా ఉంటే చాలు, కారుతుండకూడదు. కారే ప్యాడు మీద గంటకు 90 కిలోమీటర్ల వేగంతో గాలి కొడితే చల్లదనం రాదు, చినుకులొస్తాయి. ముందు కళ్లజోడు మీద పడ్డాయి. తుడుచుకునేలోపు కుడివైపు మలుపు వచ్చింది. డబ్బా ఉన్నది కుడి కిటికీకి. కారు కుడికి తిరిగితే నీళ్లు ఎడమకు పోతాయి. ఎడమంటే కారు లోపల. లోపలంటే బావమరిది ఒడి. గీత దాకా పోసి ఉంటే ఒక గ్లాసుతో పోయేది, అంచు దాకా పోశాడు కనక సగం డబ్బా వచ్చింది. కొత్త గ్యాబర్డిన్ లాగు నడుము నుంచి మోకాళ్ల దాకా తడిసిపోయింది.

"బావా, ఆపు!"

"ఆపితే గాలి రాదోయ్, ఆరదు" అన్నాడు బావ. అదీ నిజమే.

డబ్బున్నవాళ్లు సుఖపడ్డారనుకోకండి. ప్యాకార్డ్ అనే కార్ల కంపెనీ వాళ్లు 1940 మోడల్‌లో ఫ్యాక్టరీలోనే అసలు సిసలు ఏసీ పెట్టి 274 డాలర్లు పుచ్చుకున్నారు. చల్లబరిచే కాయిల్ డిక్కీలో తిష్ఠవేసి పెట్టెల చోటంతా తినేసేది. చల్లగాలి వెనక సీటు పైనుంచి సరాసరి మెడమీద పడేది. కంప్రెసరుకు క్లచ్ లేదు, ఇంజను తిరిగితే అదీ తిరగాల్సిందే. చలేస్తే కారాపి, దిగి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. సూటూ టై కట్టుకున్న పెద్దమనిషి రోడ్డుపక్కన గ్రీజు చేతులతో బెల్టు పట్టుకుని నిలబడటం కన్నా తడిసిన లాగు నయం. సామానంతా ముందుకే, బానెట్ కిందకీ డ్యాష్‌బోర్డు వెనక్కీ సర్దిన ఏసీని 1954లో న్యాష్ వాళ్లు 345 డాలర్లకు తెచ్చారు. మన బావమరిదికి అది రెండేళ్లు లేటు.

ఇక్కడ లాగు ఒక్కటే తడిస్తే ఆరిపోయేది. పెట్రోలు బంకులో ఊరికే ఇచ్చిన రోడ్డు మ్యాపు కూడా ఆ ఒళ్లోనే ఉంది, బోర్లా. బార్‌స్టో దాకా ఉన్నది ఒకటే రోడ్డు కనక ఎవరూ దాన్ని కదిలించలేదు. బార్‌స్టోలో దారి రెండుగా చీలుతుంది, ఒకటి లాస్ ఏంజెలెస్‌కు, ఒకటి బేకర్స్‌ఫీల్డ్‌కు. అప్పుడు తీయబోతే మ్యాపు పీలికలై చేతికొచ్చింది. బార్‌స్టో ముక్క మాత్రం రాలేదు. గీకితే కాగితం పోయింది గానీ రంగు గీతలు లాగు మీద చక్కగా అచ్చుపడ్డాయి.

"దిగి నిలబడు, చూస్తా" అన్నాడు బావ.

బావమరిది రోడ్డుపక్కన కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. బావ వంగి, తొడ మీద వేలు పెట్టి, లాస్ ఏంజెలెస్ కుడివైపు అని తేల్చాడు. అచ్చు తిరగబడి పడుతుందన్న సంగతి ఇద్దరికీ బేకర్స్‌ఫీల్డ్‌లో తట్టింది.