సిగ్నల్ వారిది, శిక్ష మనదా?

‘మీ మీటర్ నుంచి సమాచారం అందలేదు, అందుకే ఈ నెల బిల్లు అంచనా మీద వేశాం.’ స్మార్ట్ మీటర్ బిగించిన ఇంటికి ఈ మాట చెప్పడానికి విద్యుత్ సంస్థలకు నోరెలా వస్తోంది? అంచనా బిల్లుల బెడద ఉండదనీ, రీడింగ్ కోసం మనిషి రానక్కర్లేదనీ చెప్పే కదా పాత మీటర్లు ఊడబీకారు. ఇప్పుడు మీటరూ మాట్లాడదు, మనిషీ రాడు. బిల్లు మాత్రం ఠంచనుగా వస్తుంది.

వాళ్ల వాదనా విన్నాం. దొంగ కరెంటు దొరుకుతుంది, రీడింగ్ ఖర్చు తగ్గుతుంది, ఏ నెట్‌వర్కూ నూటికి నూరు పాళ్లు పనిచేయదు అంటారు. సరే, ఒప్పుకుందాం. పనిచేయని ఆ కాస్త ఎవరి ఖాతాలో పడాలి? ఇప్పటిదాకా అది ఇంటివాళ్ల ఖాతాలోనే పడుతోంది. మా అభ్యంతరమంతా అక్కడే.

మీటర్‌కు కరెంటు కొలవడం ఒక పని, కొలిచింది కబురు పంపడం ఇంకో పని. కబురు ఆగినంత మాత్రాన కొలత ఆగదు. బ్రిటన్‌లో ఇప్పుడు బిగిస్తున్న మీటర్లు అరగంటకో లెక్క చొప్పున 13 నెలల వాడకాన్ని తమలోనే దాచుకుంటాయి. లింకు తిరిగి కలిస్తే ఆ లెక్కంతా తీసుకోవచ్చు. కలవకపోతే మీటర్ ముఖాన అంకె వెలుగుతూనే ఉంటుంది, వెళ్లి చదవొచ్చు. అలాంటప్పుడు నెలల తరబడి అంచనా బిల్లు వేయడాన్ని సాంకేతిక లోపం అనడం కుదరదు. అది బద్ధకం.

ఇంతకీ లింకు ఎందుకు తెగుతుంది? కొన్ని మీటర్లలో ఫోన్లో ఉన్నట్టే సిమ్ ఉంటుంది. మీటర్ పెట్టేదేమో మెట్ల కింద, సెల్లార్‌లో, ఇనుప పెట్టెలో. సిగ్నల్ లేకపోతే ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్తాం, గోడకు బిగించిన మీటర్ ఎక్కడికి వెళ్తుంది? ఇంకొన్ని మీటర్లు రేడియో ద్వారా పక్కింటి మీటర్‌కు, అది ఆ పక్కదానికి కబురు అందిస్తూ వీధిలోని సేకరణ పెట్టె దాకా చేరుస్తాయి. దీన్నే మెష్ అంటారు. ఇళ్లు దూరంగా ఉన్నా, మధ్యలో మీటర్లు ఇంకా బిగించకపోయినా ఆ గొలుసు తెగుతుంది. ఫ్రాన్స్‌లోని లింకీ మీటర్లలాంటివి కరెంటు తీగ మీదే సమాచారం పంపుతాయి. నాసిరకం ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బుల సర్క్యూట్లు అదే తీగలోకి వదిలే గోలలో ఆ కబురు మునిగిపోవచ్చు. ఇవన్నీ దాటినా, అటువైపు సర్వర్‌లో ఆ సమాచారాన్ని విప్పి చదివే రహస్య సంకేతాలు (కీలు) సరిపోలకపోతే సమాచారం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇందులో ఇంటివాళ్లు ఎంచుకున్నది ఏముంది? సిమ్ కంపెనీని వాళ్లు ఎంచుకోలేదు. సేకరణ పెట్టె ఎక్కడ పెట్టాలో వాళ్లనెవరూ అడగలేదు. ఫోన్ చేస్తే మాత్రం ‘ఒకసారి మీ వైఫై ఆపి ఆన్ చేయండి’ అనే సలహా! సాధారణంగా ఈ మీటర్లు రీడింగ్ పంపేది ఇంటి వైఫై మీద కాదు. వాడకం చూసుకోవడానికి ఇంట్లో పెట్టుకునే చిన్న తెర సంగతి వేరు. అది మీటర్‌తో చాలాచోట్ల జిగ్‌బీ అనే దగ్గరి రేడియో మీద మాట్లాడుతుంది, మందపాటి గోడలు అడ్డొస్తే మూగబోతుంది. తెర ఆగిపోయినా రీడింగ్ సంస్థకు చేరుతూనే ఉండొచ్చు. ఈ రెండు లింకుల తేడా ఫోన్ ఎత్తినవాళ్లకే తెలియకపోతే ఇంటివాళ్లకు ఎవరు చెప్పాలి?

ముందుచూపు సంగతి ఇంకా ఘోరం. బ్రిటన్‌లో తొలితరం మీటర్లు ఎన్నో, ఇంటివాళ్లు తమకు కరెంటు అమ్మే సంస్థను మార్చుకోగానే స్మార్ట్‌తనం పోయి మామూలు డబ్బాలయ్యాయి. తర్వాత వాటిని అన్ని సంస్థలకూ ఉమ్మడిగా ఉండే నెట్‌వర్క్‌లోకి ఎక్కించడం మరో ప్రహసనం. అక్కడి మొబైల్ కంపెనీలు 2033 నాటికల్లా 2జీ, 3జీ సేవలను మూసేస్తామన్నాయి. ఆ సేవల మీదే బతుకుతున్న మీటర్లకు కొత్త కమ్యూనికేషన్ పెట్టె కావాలి. ఏళ్ల తరబడి గోడ మీద ఉండాల్సిన వస్తువుకు మూతపడబోయే నెట్‌వర్క్ కట్టబెట్టిన తెలివి ఎవరిది? తప్పు వాళ్లది, తిప్పలు ఇంటివాళ్లవి.

ముందే డబ్బు కట్టే ప్రీపెయిడ్ మీటర్ల దగ్గర ఈ కపటం పూర్తిగా బయటపడుతుంది. కొన్ని పద్ధతుల్లో బ్యాలెన్స్ లెక్క సర్వర్‌లో ఉంటుంది, కోత ఆదేశం లింకు మీదే వస్తుంది. కోత పడ్డాక లింకు తెగితే డబ్బు కట్టినా ఇల్లు చీకట్లోనే. 2020 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లో పొరపాటున వెళ్లిన ఒక్క ఆదేశంతో లక్షకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. పండుగ పూట. చూశారా, కోయడానికి సిగ్నల్ ఎంత చక్కగా అందిందో! దారి లేదా అంటే ఉంది. బ్రిటన్‌లో లింకు లేనప్పుడు రీఛార్జ్ రసీదు మీది 20 అంకెల కోడ్‌ను చేత్తో నొక్కి బ్యాలెన్స్ ఎక్కించుకోవచ్చు. మనసుంటే చేయొచ్చు.

నియంత్రణ మండళ్లు ఇకనైనా నోరు విప్పాలి. లింకు నిలకడగా లేని మీటర్‌కు రిమోట్ కోత ఉండకూడదు. వరసగా రెండో నెల అంచనా బిల్లు వేస్తే సంస్థ ఇంటివాళ్లకు పరిహారం చెల్లించాలి. మీటర్ బిగించే ముందే ఆ గోడ దగ్గర సిగ్నల్ చూడాలి, లేకపోతే యాంటెన్నా ఖర్చు సంస్థే పెట్టుకోవాలి. అంచనా బిల్లు కట్టలేదని నోటీసులు పంపుతున్న పెద్దలకు ఒక్క మాట. ఆ నోటీసు అంటించడానికి గుమ్మం దాకా మీ మనిషి వస్తున్నాడు కదా. మీటర్ ఆ పక్క గోడ మీదే ఉంది, కాస్త తల తిప్పి అంకె చూడమనండి.