మొదటి యూనిట్ ఛాయిస్‌లో వదిలేయండి

హైదరాబాద్‌లో న్యూమరికల్ అనాలిసిస్, అంటే అంకెలతో మెట్టుమెట్టుగా సుమారు జవాబులు రాబట్టే గణితం, చదివే పిల్లలందరూ, ఎవరూ చెప్పకుండానే, ఒక మాట మీద ఉన్నారు. మొదటి యూనిట్ ఛాయిస్‌లో పోవాలి. అందులో ఉండేది లెక్కల్లో దొర్లే దోషాల గొడవ: అంకెలు సవరించి కుదించే రౌండింగ్, మధ్యలో కోసేసే ట్రంకేషన్, నమ్మదగ్గ సార్థక అంకెలు. కోఠి ఫుట్‌పాత్ మీద ఏ పాత పుస్తకం తిరగేసినా సమీకరణాల మూలాలు వెతికే న్యూటన్-రాఫ్సన్ పద్ధతి పేజీలు నలిగి మిర్చీబజ్జీ నూనె పట్టి ఉంటాయి, మొదటి అధ్యాయం మాత్రం పెళ్లిచూపులకు కూర్చున్నంత శుభ్రంగా ఉంటుంది. దీన్ని తప్పుపట్టే లెక్చరర్లకు లోకజ్ఞానం తక్కువ.

ఉదాహరణకు కాస్ ఎక్స్ = ఎక్స్ లెక్క తీసుకుందాం. న్యూటన్-రాఫ్సన్‌లో 1తో మొదలుపెట్టి, క్యాలిక్యులేటర్‌లో కోణాల కొలతను రేడియన్లలో ఉంచితే 0.75036, 0.73911, 0.73909 అంటూ నిదానంగా దిగాలి. అదే క్యాలిక్యులేటర్‌ని డిగ్రీల్లో వదిలేస్తే మొదటి మెట్టులోనే 0.99985, రెండో మెట్టులోనూ 0.99985. ఇంత త్వరగా కుదురుకున్న జవాబును అనుమానించడం సంస్కారం కాదు. పద్ధతి సరిగ్గానే పనిచేసింది, కాకపోతే వేరే లెక్కను సాధించింది.

వర్గ సమీకరణం దగ్గర ఈ అజ్ఞానం మరింత ఫలిస్తుంది. ఎక్స్ వర్గం మైనస్ 10 కోట్ల ఎక్స్ ప్లస్ 1 = 0 అనుకోండి. చిన్న మూలం 10 కోట్లలో ఒక వంతు, అంటే 0.00000001. ఇంటర్‌లో బట్టీపట్టిన సూత్రాన్నే డబుల్ ప్రెసిషన్‌లో (కంప్యూటర్ సుమారు 16 అంకెలు గుర్తుంచుకునే పద్ధతిలో) వేస్తే 0.00000000745 వస్తుంది. నూటికి పాతిక తప్పు! సూత్రంలోని వర్గమూలం అసలు విలువ 10 కోట్ల కంటే 0.00000002 తక్కువ. కానీ ఆ ఎత్తులో కంప్యూటర్‌కు పక్కపక్క సంఖ్యల మధ్య ఎడమే సుమారు 0.0000000149. కాబట్టి 2 కాస్తా 1.49 అయి కూర్చుంటుంది. 10 కోట్లలోంచి దాదాపు 10 కోట్లు తీసేశాక మిగిలేది ఆ చిల్లరే. పెద్ద మూలాన్ని ముందు కట్టి, రెండు మూలాల లబ్ధమైన 1ని దానితో భాగిస్తే తీసివేతే ఉండదు, జవాబు 0.00000001 అని చక్కగా వస్తుంది. అయితే సూత్రం రాస్తే మార్కులు పడతాయి, సూత్రాన్ని తప్పించుకుంటే పడతాయన్న హామీ ఎవరిస్తారు?

వక్రరేఖ కింది వైశాల్యాన్ని ముక్కలు చేసి కట్టే సింప్సన్ 1/3 నియమానికి ఆ ముక్కలు సరిసంఖ్యలో ఉండాలి. ప్రశ్నలో 7 ఇస్తే ఆఖరి ముక్కను ఎవరికీ చెప్పకుండా వదిలేసే సంప్రదాయం ఉంది. మొదటి 4కి 1/3, మిగతా 3కి సింప్సన్‌దే మరో నియమం 3/8 వాడుకోవచ్చని చెప్పి ఆ అమాయకుల నిద్ర చెడగొట్టను.

ఇక ల్యాబ్. అదే కాస్ ఎక్స్ = ఎక్స్ లెక్కకు బైసెక్షన్ ప్రోగ్రామ్, అంటే మూలమున్న అంతరాన్ని సగం సగం చేస్తూ పోయేది. అందులో చరరాశులు ఫ్లోట్ (డబుల్ కంటే తక్కువ అంకెలు పట్టే రకం), ఆగాల్సిన షరతు: రెండు చివరల మధ్య దూరం 0.00000001 కంటే తగ్గాలి. కానీ 0.74 ప్రాంతంలో ఫ్లోట్ సంఖ్యల మధ్య ఎడం సుమారు 0.00000006. రెండు చివరలు పక్కపక్క సంఖ్యల మీదికి చేరాక వాటి మధ్యబిందువు మళ్లీ ఆ రెంటిలో ఒకదాని మీదే పడుతుంది. దూరం ఇక తగ్గదు, లూప్ ఆగదు. తెర మీద కర్సర్ మాత్రం మిణుకుమిణుకుమంటుంది. పిల్లలు సిస్టమ్ స్లో అంటారు, ల్యాబ్ అసిస్టెంట్ వైరస్ అంటాడు, ఎవరి నమ్మకం వారిది. రికార్డులో ఔట్‌పుట్ 0.739085 అని ఉంటుంది, అది సీనియర్ల రికార్డు నుంచి జిరాక్స్ షాపు మీదుగా వంశపారంపర్యంగా వచ్చింది. నిజానికి ఫ్లోట్ కొట్టేసి డబుల్ అని రాస్తే, 0 నుంచి 1 వరకు ఉన్న అంతరాన్ని 27 సార్లు సగం చేసి ప్రోగ్రామ్ బుద్ధిగా ఆగుతుంది. కానీ అప్పటికే క్లాసు మొత్తం రికార్డుల్లో ఫ్లోట్ అనే రాసేసింది, సంతకాలూ అయిపోయాయి.