సాంతోరిని ఇల్లు గంజాం జిల్లాలో: ఒక వాట్సాప్ సందేశానికి జవాబు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. గ్రీసులోని సాంతోరిని ద్వీపం తరహాలో నీలి సముద్రం ఒడ్డున తెల్లని ఇళ్లు, ఎర్ర పెంకుల కప్పులు, కమాను గుమ్మాలు, వాటి కింద పొడవాటి వివరణ. మధ్యధరా ఇల్లు మన తీరానికి అతికినట్టు సరిపోతుందని దాని సారాంశం. గ్రీసు, స్పెయిన్ కూడా మనలాగే ఎండలు కాసే సముద్రతీరాలట. తెల్ల రంగు వేసి, గోడ మందంగా కట్టి, కిటికీ చిన్నది పెడితే ఏసీ అక్కర్లేదట. ఇంటి మధ్య ఫౌంటెన్ పెడితే చల్లగా ఉంటుందట. వాలు పెంకు కప్పు తుపానుకు చెక్కుచెదరదట. అన్నీ సహజమైన సరుకులే కాబట్టి పర్యావరణానికి మేలట, పైగా ఒకసారి కడితే 50 ఏళ్లు మరమ్మతు మాటే ఉండదట.

కట్టుబడి పనులు చూసుకునేవాణ్ని కాబట్టి ఈ ఫొటోలు నా దగ్గరికి తరచూ వస్తాయి. జీవితమంతా దాచుకున్న డబ్బుతో ఇల్లు కట్టుకునేవాళ్లు ఫోను నా ముందు పెట్టి అచ్చం ఇలాగే కావాలంటారు. అందం విషయంలో నాకు తగాదా లేదు, ఎవరి ఇష్టం వారిది. శాస్త్రం పేరు చెప్పి అల్లిన మాటలతోనే తగాదా.

ముందు వాతావరణం సంగతి తేల్చుకోవాలి, మిగతా మాటలన్నీ దాని మీదే నిలబడ్డాయి కనుక. ఏథెన్స్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 400 మిల్లీమీటర్లు. అదీ ఎక్కువగా చలికాలంలోనే. అక్కడ ఎండలు మండే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది, వాన చుక్క అరుదు. గంజాం జిల్లాలో 1,200 మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది, అందులో సింహభాగం జూన్ నుంచి అక్టోబరు లోపు. వాళ్లకు వేడి ఒక కాలం, తడి ఒక కాలం. మనకు ఎండ, ఉక్కపోత, జడివాన ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. జాతీయ భవన నిర్మాణ నియమావళి దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విడగొట్టి, తూర్పు తీరాన్ని వేడీ తేమా కలిసిన మండలంలో పెట్టింది ఇందుకే. సముద్రం రెండు చోట్లా ఉందన్నది నిజమే. పోలిక అక్కడితో సరి.

ఎండ పడే తీరు కూడా వేరు. ఏథెన్స్ 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, బరంపురం 19 మీద. మనకు మే మధ్యలో ఒకసారి, జూలై చివర మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గ్రీసులో చలికాలపు ఎండ ఏటవాలుగా దక్షిణపు గోడ మీద పడి ఇంటిని వెచ్చబరుస్తుంది, వాళ్లకు అది కావాలి. మన ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా మాడేది శ్లాబు, దాని తర్వాత తూర్పు, పడమర గోడలు. సందేశంలో వర్ణించినదంతా వీధి వైపు ముఖం గురించే. కప్పు గురించి ఉన్నది ఒక్క వాక్యం, అదీ తుపాను సందర్భంలో.

తెల్ల రంగు మాటకొస్తే, అందులో సగం ఒప్పుకుంటాను. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే. అయితే ఆ తెలుపు ఉండవలసిన చోటు కప్పు. సందేశంలో తెలుపు గోడలకు పోయింది, కప్పు మీదికి ఎరుపు వచ్చింది! సాంతోరిని ఇళ్లకు ఎర్ర పెంకులు వేయరు, అక్కడి కప్పులు చదునుగానో గుమ్మటంలాగానో ఉంటాయి. చదును కప్పు మీద పడిన నాలుగు వాన చుక్కలనూ ఇంటి కింది తొట్టెలోకి మళ్లించుకుని ఏడాదంతా జాగ్రత్తగా వాడుకోవడం ఆ ద్వీపాల పాత అలవాటు. ఆ ఇంటి నుంచి మనం నేర్చుకోదగ్గ గొప్ప సంగతి అదే, సందేశంలో దాని ఊసే లేదు. ఎవరో గ్రీసు గోడను, స్పెయిన్ కప్పును కత్తిరించి ఒకే ఫొటోలో అతికించారు.

తెల్ల గోడకు మన వాన ఏం చేస్తుందో చూడాలంటే ఆశ్వయుజం వెళ్లాక ఒకసారి గోపాల్‌పూర్ వైపు వెళ్లి రండి. పిట్టగోడ పైనుంచి నల్లటి చారలు దిగి ఉంటాయి. అది నాచు. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ, దుమ్ము కలిస్తే రెండో వర్షాకాలానికే గోడ మీద పాచి పట్టేస్తుంది. మధ్యధరా ముఖం కోసం కిటికీల మీద సజ్జలు తీసేస్తారు, వాటితో ముఖం అందం చెడుతుందని. సజ్జ వేసినా దాని అడుగున, అంచుకు రెండు అంగుళాలు లోపలగా, వేలు పట్టేంత గాడి వదలాలి. సజ్జ మీది నీరు అడుగు భాగానికి పాకి గోడ దాకా రాకుండా ఆ గాడి దగ్గరే తెగి చుక్కలుగా రాలిపోతుంది. ప్లాస్టరింగ్ రోజున మేస్త్రి పక్కన నిలబడి పెట్టించుకుంటే పైసా ఖర్చు లేదు. మరిచిపోతే ఏటేటా రంగుల దుకాణానికి కప్పం కట్టుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను: మందపాటి గోడ, చిన్న కిటికీ. మందపు గోడ పగటి వేడిని తనలో పట్టి ఉంచి రాత్రి వదులుతుంది. ఆ వదిలిన వేడిని తీసుకుపోవడానికి రాత్రి గాలి చల్లగా ఉండాలి. పొడి ప్రాంతాల్లో పగటికీ రాత్రికీ పది, పదిహేను డిగ్రీల తేడా ఉంటుంది కాబట్టి అక్కడ పని జరుగుతుంది. గోపాల్‌పూర్‌లో మే నెలలో ఆ తేడా సగటున ఆరేడు డిగ్రీలకు మించదు. రాత్రి కూడా ఉక్కే. అలాంటి రాత్రి పశ్చిమపు గోడ గదిలోకి వేడి వదులుతూ ఉంటే, చిన్న కిటికీ ఆ వేడిని బయటికి పోనివ్వకపోతే, లోపల పడుకున్నవాళ్ల గతి ఏమిటి? ఉక్కలో మనిషికి చల్లదనం ఇచ్చేది ఒంటి మీది చెమటను ఆర్చే గాలి. గాలి ఆడని చోట చల్లని గోడ ఉన్నా సుఖం లేదు. ఏసీ అక్కర్లేదని నమ్మి చిన్న కిటికీలు పెట్టుకున్నవాళ్లే ముందుగా ఏసీ కొంటారు.

కిటికీకి ఒక లెక్క ఉంది. కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి, మన వాతావరణ మండలంలో తెరుచుకునే కిటికీ, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు, ఉండాలంటుంది. వేడీ పొడీ కలిసిన మండలానికి 10 శాతం చాలంది. చిన్న స్థలాల్లో కట్టే ఇళ్ల కోసం ఉద్దేశించిన నియమం కాదది, అయినా లెక్క అందరికీ పనికొస్తుంది. 10 అడుగులు, 12 అడుగుల పడకగది తీసుకోండి. నేల 120 చదరపు అడుగులు, తెరుచుకునే భాగం 20 చదరపు అడుగులు కావాలి. సందేశంలోని కమాను కిటికీ రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు అనుకుందాం. పైనున్న కమాను ముక్కకు గాజు బిగించేస్తారు, అది తెరుచుకోదు. మిగిలింది ఐదు చదరపు అడుగులైనా ఉండదు. పోనీ నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ పెట్టి జరిగే తలుపులు వేశారనుకోండి, ఒక తలుపు వెనక రెండోది చేరుతుంది కాబట్టి గాలి వచ్చేది సగం నుంచే, ఎనిమిది చదరపు అడుగులు. బయటికి తెరుచుకునే రెక్కల కిటికీ అయితే దాదాపు పదహారూ దక్కుతాయి. ఒకే కొలత, ఒకే గోడ, రెట్టింపు గాలి. ఎదురు గోడకు మరొకటి ఉంటేనే ఆ గాలి గది దాటి పోతుందన్నది వేరే చెప్పాలా.

ఇదంతా తీరం మాట. కోరాపుట్ వైపు ఇల్లు కట్టేవాళ్లు నా మాటలు యథాతథంగా తీసుకోవద్దు. ఆ ఊరు దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రులు చల్లబడతాయి, చలికాలం వణికిస్తుంది. అక్కడ మందపు గోడకు అర్థం ఉంది. వాన మాత్రం మనకంటే ఎక్కువే, చూరు పొడుగ్గా ఉండాల్సిందే. తీరం నుంచి కొండల మీదికి వెళ్లేసరికే జవాబు మారుతుంటే, గ్రీసు నుంచి దిగుమతి చేసుకున్న ఒక్క ఫొటో అందరికీ ఎలా సరిపోతుంది?

ఇంటి మధ్య ఫౌంటెన్ పెట్టమన్న సలహాకు రెండు మాటలు చాలు. పొడి గాలిలో నీరు ఆవిరై చల్లబరుస్తుంది. మన ఉక్కలో అది పెద్దగా ఆవిరి కాదు, మోటారు ఆగిన నాటి నుంచి దోమలను పెంచుతుంది. మలేరియాతో గజపతి, రాయగడ జిల్లాలు పడ్డ పాట్లు తెలిసినవాళ్లెవరూ ఈ సలహా ఇవ్వరు.

తుపాను గురించి రాసినవాళ్లు ఇక్కడ ఒక్క అక్టోబరైనా గడిపి ఉండరు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన గాలులతో. ఐదేళ్లకు, 2018 అక్టోబరు 11న, తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి గజపతి జిల్లా కొండలను వానలో ముంచి చరియలు విరగ్గొట్టింది. గాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కొప్పు (కప్పు శిఖరం) దగ్గర, అంచుల దగ్గర, చూరు దగ్గర పైకి పీలుస్తుంది. బరువు మీదే ఆధారపడి కూర్చున్న పెంకు అంచు దగ్గర ఒక్కటి లేస్తే చాలు, మిగతా వరుసలోకి గాలి దూరుతుంది. పెంకు ఎగిరి పక్కింటి కిటికీలో పడితే అది ఆయుధమే.

వాలు కప్పు కట్టకూడదని నేననడం లేదు. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పు గాలికి బాగా నిలుస్తుంది. అంచు వరుసల, కొప్పు వరుసల పెంకులను తుప్పు పట్టని తీగతో పట్టెలకు కట్టాలి. వాసాలను దూలానికి, దూలాన్ని గోడ మీది కాంక్రీటు పట్టీకి బోల్టులతో బిగించాలి. చూరు విషయంలో ఒక చిక్కుంది: వాన పొడుగు చూరు కావాలంటుంది, గాలి పొట్టి చూరు కావాలంటుంది. దారి ఏమిటంటే వసారా కప్పును ప్రధాన కప్పుకు కొనసాగింపుగా కాకుండా విడిగా, కాస్త దిగువన వేయడం. గాలికి వసారా పోయినా ఇంటి కప్పు దక్కుతుంది. ఈ తిప్పలన్నీ లేకుండా ఇప్పుడు ఎక్కువమంది చేస్తున్నది వాలుగా శ్లాబు పోసి, దాని మీద పెంకు అతికించడం. కప్పు ఎగరదు, ఒప్పుకుంటాను. కానీ కాంక్రీటుకు కాంక్రీటు, పెంకుకు పెంకు, రెండింటి ఖర్చూ బరువూ మీదే. పెంకు కింద ఉండాల్సిన గాలి సందు లేదు కాబట్టి చల్లదనం కూడా రాదు.

సహజమైన సరుకుల మాట నాకు నవ్వు తెప్పిస్తుంది. మధ్యధరా శైలి అని మన డిజైనర్లు చూపించే బొమ్మల్లో చాలావాటికి మూలం గ్రీసు పల్లె కంటే అమెరికాయే. 1920లలో ఫ్లోరిడా, కాలిఫోర్నియా సంపన్నులకు ఆ మోజు పట్టింది. 1925 భూకంపం తర్వాత సాంతా బార్బరా పట్టణమైతే తనను తాను ఆ ముఖంతోనే తిరిగి కట్టుకుంది. అంటే మనకు వచ్చింది నకలుకు నకలు. మన దగ్గర దాన్ని ఎలా చేస్తున్నారో దగ్గరగా చూశాను. థర్మాకోల్ దిమ్మెను వేడి తీగతో కార్నిసు (గోడ పైఅంచు పట్టీ) ఆకారంలో కోస్తారు, మీద ఫైబర్ వల చుట్టి సిమెంటు పూత పూస్తారు, గోడకు జిగురుతో అంటిస్తారు. వేలితో తడితే డొల్ల చప్పుడు. బరువు మోసేది కమాను పైన ఉన్న కాంక్రీటు దూలం, కమాను వట్టి అలంకారం. పైన ప్లాస్టిక్ రంగు. ఇందులో సహజమైనది ఇసుక ఒక్కటే.

ప్రపంచంలో విడుదలయ్యే బొగ్గుపులుసు వాయువులో (కార్బన్ డయాక్సైడ్‌లో) 7–8 శాతం సిమెంటు వాటా. అందుకే అవసరం లేని ప్రతి అంగుళం కాంక్రీటూ లెక్కకు వస్తుంది. సున్నం కూడా కాల్చేదే, కానీ సుమారు 900 డిగ్రీల వేడి చాలు. సిమెంటుగా పొడిచేసే క్లింకరుకు 1,450 కావాలి. పైగా గోడ మీద గట్టిపడేటప్పుడు సున్నం గాలిలోని ఆ వాయువును కొంత తిరిగి పీల్చుకుంటుంది. సున్నపు గార వేయగల మేస్త్రి దొరికితే వదలకండి. గోడకు బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసిన ఇటుక వాడండి, దానికి బట్టీ మంట అక్కర్లేదు. తాల్చేరు, ఝార్సుగూడ కేంద్రాలున్న ఒడిశాలో బూడిదకు కరువు లేదు.

ఇంకో సంగతి. ఆ ద్వీపాల ఇళ్లు చల్లగా ఉండడానికి రంగు ఎంత కారణమో, గోడకు గోడ ఆనించి గుంపుగా కట్టుకోవడం అంత కారణం. ఎండ తగిలే గోడలు తగ్గుతాయి, సందులో నీడ నిలుస్తుంది. బరంపురంలో పట్టు నేసే దేవాంగుల పాత వీధులు చూడండి. ఉమ్మడి గోడలు, ముందు అరుగు, వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకే వరుసలో ద్వారాలు. ఇప్పటి మధ్యధరా విల్లా స్థలం మధ్యలో నాలుగు వైపులా ఎండకు ఒళ్లప్పగించి ఒంటరిగా నిలబడుతుంది.

50 ఏళ్లు మరమ్మతు లేదన్నది ఆఖరి మాట. గ్రీకు ద్వీపాల్లో ఈస్టరు ముందు ఏటా ఇళ్లకు సున్నం కొట్టుకోవడం ఆనవాయితీ. పెద్ద పండక్కి మన పెద్దవాళ్లు వెల్ల వేసినట్టే. ఏటా చేయి పెడతారు కాబట్టే అవి అంత తెల్లగా ఉన్నాయి. మీ ఖర్చు అంచనాలో ఎలివేషన్, అంటే ఇంటి ముఖపు అలంకారం, పేరిట ఎంత రాశారో ఒకసారి చూడండి. అందులో సగంతో శ్లాబు మీద తెల్లటి చల్లని పూత, ప్రతి కిటికీకీ సజ్జ, తెరుచుకునే రెక్కలు వస్తాయి. మిగిలిన సగంతో కావాలంటే ఒక కమాను పెట్టుకోండి, గుమ్మం దగ్గర, నిజంగా బరువు మోసే ఇటుక కమాను.