ఏడు అరల మందుల డబ్బా గారికి

మహారాజశ్రీ ఏడు అరల మందుల డబ్బా గారికి నమస్కరించి వ్రాయునది. ఇచ్చట అందరం క్షేమమని మొదలుపెట్టడం ఆచారమే గాని, ఈ నెల రక్తపరీక్షల రిపోర్టులు ఇంకా చేతికి రానందున ఆ వాక్యాన్ని వాయిదా వేస్తున్నాను.

తమరెరుగనిదేముంది! నాకున్నవి హషిమోటో థైరాయిడైటిస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, షోగ్రెన్స్. నన్ను కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే నా థైరాయిడ్ గ్రంథినీ, కీళ్లనూ, కన్నీటి, లాలాజల గ్రంథులనూ పరాయివనుకుని మీద పడడమే మూడింటి కథానూ. కథ ఒకటే అయినా డాక్టర్లు ముగ్గురు. ఒకరి చీటీ మరొకరు చూసిన దాఖలా లేదు. (కంటి డాక్టరు గారి పుణ్యమా అని కన్నీళ్లను కూడా మందుల షాపులో కొని, చావింటికి సీసాతో వెళుతున్నాను.) ఆ ముగ్గురూ కలుసుకునేది తమ అరలలోనే.

ఏడు చేపల కథలో రాజకుమారుడు అడిగినట్టు నేనూ ఒకనాడు అడిగాను. కాల్షియం మాత్రా, నువ్వెందుకు వచ్చావు? స్టెరాయిడ్ ఎముకలను గుల్ల చేస్తుంది గనుక వచ్చానంది. గ్యాస్ మాత్రా, నువ్వెందుకు వచ్చావు? నొప్పి మాత్ర కడుపులో పుండు చేయకుండా వచ్చానంది. థైరాయిడ్ మాత్రా, నీ మోతాదు ఎందుకు పెరిగింది? గ్యాస్ మాత్ర నన్ను ఒంటికి పట్టనివ్వలేదు, కాల్షియాన్ని నాకు 4 గంటల దూరంలో ఉంచమంటే నువ్వు మరిచిపోయావు అంది. పరగడుపున దానిని మింగి, కాఫీ కోసం గంటసేపు వేచి ఉండడాన్ని మించిన తపస్సు నాకు తెలియదు.

కీళ్లవాతానికి ఇచ్చిన మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని తమ ఆదివారం అరకు ఎర్రటి గోళ్ల రంగుతో బొట్టు పెడితే, తమరికి పూజలు మొదలుపెట్టానని మా అత్తగారు సంతోషించారు.

2020 మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకు మందన్న ప్రచారం రేగగానే, జ్వరమైనా లేనివారు దానిని కొని బీరువాలలో దాచుకోగా, ఏళ్ల తరబడి దానితోనే కీళ్లను నెట్టుకొస్తున్న నావంటివారు షాపుల చుట్టూ తిరిగారు. ఆ రోజులలోనే బంధువులు ఇమ్యూనిటీ పెంచుకోమని నాకు కషాయం పొడులు పంపారు. ఉన్నది చేస్తున్న నిర్వాకం చాలదన్నట్టు!

ఇక అసలు ఫిర్యాదు తమ మూతల గురించి. ఉదయం లేచాక గంటకు పైగా నా వేళ్లు బిగుసుకునే ఉంటాయి. వాటిని సడలించే మందు తమ లోపల ఉంది, దానిని తీయడానికి ముందుగా సడలిన వేళ్లు కావాలి. తమను తయారుచేసినవారు తమ మూతను ఏ రోగి చేతా తీయించి చూసినట్టు లేదు. నేను చెంచా కాడతో పెకలిస్తున్నాను. ఆ పెనుగులాటలో మంగళవారం మూత ఊడిపోయింది. మంగళవారం మంచిది కాదని లోకం అంటుంది గాని, నాకు వారమంతటిలోనూ ఇష్టమైన రోజు అదే.

ఆ కథలో చీమ, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది. దానికి కనీసం ఒక కారణం ఉంది. నా లోపలి చీమకు అదీ లేదు. ఈ వేళ్లు పుట్టలోకి కాదు గదా, పొద్దుటిపూట తమ మూత కిందికే దూరవు.

ఇట్లు,
తమ విధేయురాలు
ఆదివారం ఉదయం, కాఫీకి ఇంకా 20 నిమిషాలు ఉండగా