అప్పన్న భూములు, ఆశ్రమం ఎకరాలు: విశాఖలో మతం పట్టు ఎక్కడుందంటే

ప్రభుత్వం మీద మతం ప్రభావం అనగానే టీవీ డిబేట్లలో అయోధ్య, వక్ఫ్, మతమార్పిడులు, ఇవే తిరుగుతుంటాయి. వైజాగ్‌లో ఉండి చూసేవాళ్ళకి మాత్రం ఆ ప్రభావం ప్రసంగాల్లో కంటే రెవెన్యూ రికార్డుల్లో ఎక్కువ కనిపిస్తుంది. నా మట్టుకి నాకు ఇక్కడ మతానికీ సర్కారుకీ ఉన్న బంధం అంతా భూమి, పదవులు, పాసులు, ఈ మూడే, భక్తి ఎక్కడో నాలుగో ప్లేసులో ఉంటుంది.

చినముషిడివాడ శారదాపీఠం సంగతే తీసుకోండి. ఒకప్పుడు ఇటు జగన్, అటు కేసీఆర్ ఇద్దరూ ఆ పీఠం స్వామీజీ ఆశీస్సుల కోసం వచ్చినోళ్ళే. 2021లో ప్రభుత్వం భీమిలి మండలం కొత్తవలసలో 15 ఎకరాలు ఆ పీఠానికి ఎకరం లక్ష రూపాయల చొప్పున ఇచ్చింది, ఆ ఏరియాలో లక్షకి ఎన్ని గజాలొస్తాయో రియల్ ఎస్టేట్ వాళ్ళని అడిగితే నవ్వుతారు. 2024 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, అదే ఏడాది అక్టోబర్‌లో ఆ కేటాయింపు రద్దయింది. రద్దు మంచిదే, కానీ ఇచ్చినప్పుడు ఒక పార్టీతో దగ్గరితనం, తీసేసినప్పుడు ఇంకో పార్టీతో దూరం, ఇంతేగా? మత సంస్థలకి సర్కారు భూమి ఏ రేటుకి, ఏ రూల్ ప్రకారం ఇవ్వాలి అనే ప్రశ్న రెండుసార్లూ పక్కకే పోయింది.

ఇప్పుడు సింహాచలం కొండకి ఇటువైపు రండి. అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం, వీటినే పంచగ్రామాలు అంటాం. ఆ భూములకి సింహాచలం దేవస్థానం పేరు మీద పట్టాలొచ్చాక దశాబ్దాలుగా అక్కడే కాపురం ఉంటున్న వేలమంది ఇళ్ళు ఒక్కసారిగా ఆక్రమణలు అయిపోయాయి. రిజిస్ట్రేషన్ అవదు, పైన ఇంకో అంతస్తు వేద్దామంటే పర్మిషన్ రాదు, కూతురి పెళ్ళికి ఇల్లు అమ్ముదామన్నా కుదరదు. ఈ ఇళ్ళు రెగ్యులరైజ్ చేస్తామని ప్రతి ఎన్నికకీ ప్రతి పార్టీ హామీ ఇస్తది. 2019లో చట్టం కూడా చేశారు, అది పోయి కోర్టులో పడింది. వీళ్ళంతా సింహాచలం అప్పన్న భక్తులే మరి! భక్తుడి ఇల్లు ఇన్నేళ్ళు ఆగిపోతే ఆశ్రమం ఫైలు మాత్రం కేబినెట్ దాకా నడిచి వెళ్ళింది.

అందుకే గుళ్ళని ప్రభుత్వం చేతిలోంచి తీసేయాలి అనేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. వినడానికి బాగుంటుంది. తీసేసి ఎవరికిస్తారు అన్నదగ్గరే అసలు తంటా. సింహాచలానికి వంశపారంపర్య ధర్మకర్తలు విజయనగరం రాజులైన పూసపాటి వారు, 2020 మార్చిలో ప్రభుత్వం అశోక్ గజపతిరాజుని తప్పించి సంచయిత గజపతిరాజుని ఛైర్‌పర్సన్ చేసింది, 2021 జూన్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది, ఆయన మళ్ళీ వచ్చారు. అంటే వంశం చేతిలో ఉన్న గుడిలోకి కూడా రాజకీయం దర్జాగా వెళ్ళగలిగింది. అసలు దేవాదాయ చట్టాలు పుట్టిందే గుడి ఆస్తులు కొందరి సొంతం అయిపోతున్నాయనే గొడవ నుంచి. పానగల్ రాజా ప్రభుత్వం మద్రాసులో 1925లో చట్టం తెచ్చింది, మన రాష్ట్రంలో 1987 చట్టం అర్చకుల మిరాశీ (వంశపారంపర్య) హక్కులు తీసేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇదంతా వదిలేసి 'విముక్తి' అని ఒక్కమాట అనేస్తే సరిపోదు కదా.

పాస్టర్లకి నెలకి అయిదు వేలు, ఇమామ్‌లకి పది వేలు, చిన్న గుళ్ళకి ధూపదీప నైవేద్యం డబ్బులు, ఈ లిస్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఒకరికిస్తే ఇంకొకరికి ఇవ్వాల్సిందే అనే లెక్క తప్ప దీన్లో విధానం వెతకడం వేస్ట్. తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాల గురించి ఇంత పోటీ ఎప్పుడైనా చూశారా? అక్కడ ఓట్లేసే భిక్షువులు లేరుగా.

2024లో తిరుమల లడ్డూ నెయ్యి గొడవ మీద సుప్రీంకోర్టు దేవుళ్ళనైనా రాజకీయాలకి దూరంగా ఉంచమని అంది. కానీ పాలకమండలి వేసేది ప్రభుత్వం, ఈవోని వేసేది ప్రభుత్వం అయినప్పుడు దూరం ఎక్కడినుంచి వస్తుంది? అది వ్యాఖ్యతో అయ్యే పని కాదు, నియామకాలు ఎలా జరుగుతాయో మార్చాలి. బోర్డు పదవీకాలం ప్రభుత్వంతో పాటు పోకుండా ఫిక్స్ చేయాలి, పేర్లు ఎందుకు ఎంచుకున్నారో రాసి బయట పెట్టాలి, భూముల లీజులన్నీ ఆన్‌లైన్‌లో ఉండాలి.

2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం రోజు తెల్లవారకముందే 300 రూపాయల క్యూలైన్ పక్కన కొత్తగా కట్టిన గోడ వానకి కూలి భక్తులు చనిపోయారు. కమిటీ వేశారు, అధికారుల్ని సస్పెండ్ చేశారు. అంత హడావుడిగా గోడ కట్టమని ఒత్తిడి ఎవరిదో మనలాంటోళ్ళకి ఎప్పటికి తెలుస్తుందో గానీ, ఒక పని మాత్రం వచ్చే చందనోత్సవానికే చేయొచ్చు: అంతరాలయం పాసులు ఏ మంత్రి, ఏ ఎమ్మెల్యే, ఏ ఆఫీసు సిఫార్సుతో ఎన్ని వెళ్ళాయో సాయంత్రానికల్లా దేవస్థానం వెబ్‌సైట్‌లో పెట్టేయండి. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.