రాయి వయసుకు పడికట్టు ఎక్కడిది?

ఆదిలాబాద్, నిర్మల్ ప్రాంతాల్లో నల్లరేగడి కింద పరచుకున్న బసాల్టు దక్కన్ లావా ప్రవాహాల తూర్పు అంచుకు చెందినది. ఆ లావా పొంగిన కాలానికీ రాక్షసబల్లులు అంతరించిన కాలానికీ ఉన్న సంబంధం మీద శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. రాక్షసబల్లుల అంతంతో ముగిసిన క్రెటేషియస్ యుగం 6.55 కోట్ల ఏళ్ల కిందట ముగిసిందని ఒకప్పుడు రాసేవారు, ఇప్పుడు 6.6 కోట్లు అంటున్నారు. ఈ సవరణకు ముఖ్య కారణాల్లో ఒకటి దక్కన్‌కు ఏ సంబంధమూ లేని ఒక ఖనిజం. అమెరికాలోని కొలరాడోలో ఫిష్ కాన్యన్ అగ్నిపర్వత శిలలో ఉండే సానిడిన్ వయసు 2.802 కోట్ల ఏళ్లు కాదనీ, 2.82 కోట్ల ఏళ్లనీ 2008లో ఒక పరిశోధక బృందం తేల్చింది. రాయిలోని పొటాషియం క్రమంగా ఆర్గాన్ వాయువుగా మారడాన్ని కొలిచే ఆర్గాన్ పద్ధతిలో ఆ ఖనిజంతో పోల్చి కట్టిన వయసులన్నీ దాంతోపాటే నూటికి 0.65 వంతు మేర జరగవలసి వచ్చింది. ఆరున్నర కోట్ల ఏళ్ల దగ్గర అది నాలుగు లక్షల ఏళ్లకు పైమాటే.

కాలనిర్ణయంలో ప్రామాణిక ఖనిజానికి ఉన్న బలం ఇది. ఈ బలం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మన దగ్గర అరుదుగా వినిపిస్తుంది.

వయసు కట్టే మరో పద్ధతి గ్రానైటు వంటి శిలల్లో ఉండే జిర్కాన్ అనే ఖనిజం మీద ఆధారపడుతుంది. జిర్కాన్ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తనలో చేర్చుకుంటుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. యురేనియం-238 అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, 446.8 కోట్ల ఏళ్లు, యురేనియం-235ది 70.4 కోట్ల ఏళ్లు. రెండూ చివరకు వేర్వేరు సీసం ఐసోటోపులుగా (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులుగా) మారతాయి కనుక ఒకే గింజలో రెండు గడియారాలు నడుస్తుంటాయి. సూత్రం ఇంత సులువుగా ఉన్నా కొలత అంత సులువు కాదు. లేజర్‌తో గింజలో వెంట్రుకంత గుంట చేసి, లేచిన ధూళిని పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపినప్పుడు యురేనియం, సీసం ఒకే తీరున ప్రవర్తించవు. యంత్రం చూపే నిష్పత్తి రాయిలోని అసలు నిష్పత్తి కాదు. అందుకే వయసు ముందే తెలిసిన జిర్కాన్‌ను మధ్యమధ్యలో కొలుస్తూ, ఎంత తేడా వస్తోందో చూసి ఆ మేరకు దిద్దుకుంటారు. అంగట్లో పడికట్టు రాయి ఎలాంటిదో ప్రయోగశాలలో ఆ జిర్కాన్ అలాంటిది. కృత్రిమ గాజును ఆ స్థానంలో పెడితే సరిపోదు, ఎందుకంటే లేజర్ కింద గాజు, జిర్కాన్ ఒకేలా కరగవు.

ప్రపంచమంతా వాడుతున్న ఈ పడికట్లు పట్టుమని పది పన్నెండు ఉంటాయేమో. కెనడాలోని ఒంటారియోలో దొరికిన 238 గ్రాముల ఒకే ఒక్క స్ఫటికం హార్వర్డ్ మ్యూజియంలో 91500 నంబరుతో ఉండేది. 1995 నుంచి ఆ నంబరే దానికి పేరైంది, వయసు 106.5 కోట్ల ఏళ్లు. ఆస్ట్రేలియా నుంచి టెమోరా అనే జిర్కాన్ వచ్చింది. చెక్ దేశంలోని ఒక క్వారీలో దొరికిన ప్లెషోవిట్సె జిర్కాన్ వయసు 33.7 కోట్ల ఏళ్లని 2008లో ప్రకటించారు. అందులో యురేనియం మరీ ఎక్కువై చెడిన భాగాలున్నాయనీ వాటిని తప్పించుకోవాలనీ తయారుచేసినవాళ్లే చెప్పారు. ఆ నిజాయతీ వల్లే దాని మీద నమ్మకం కుదిరింది. అంతకు ముందు ఎన్నో ఏళ్లు వాడిన శ్రీలంక జిర్కాన్ ఎస్ఎల్-13లో సీసం, యురేనియం నిష్పత్తి సూక్ష్మస్థాయిలో అన్నిచోట్లా ఒకేలా లేదని తర్వాత బయటపడింది. దాన్ని నమ్మి కట్టిన లెక్కలను మళ్లీ చూసుకోవలసి వచ్చింది.

ఇప్పుడు మన సంగతి. హనుమకొండ గుట్టలు, కరీంనగర్ నుంచి ఓడలెక్కే టాన్ బ్రౌన్ గ్రానైటు, జగిత్యాల వైపు కనిపించే చార్నకైటు అనే ముదురు రంగు రాయి, ఇవన్నీ దక్షిణ భారతంలోని అతి పురాతన భూఫలకమైన తూర్పు ధార్వార్ భూఖండానికి చెందిన ఆర్కియన్ (భూమి తొలి యుగాల్లో ఒకటి) శిలలు. గ్రానైట్లు చాలావరకు 250 కోట్ల ఏళ్ల పైబడినవే. అంత పాత గింజలను వాటిలో సగం వయసైనా లేని జిర్కాన్‌తో దిద్దడంలో చిక్కుంది. కోట్ల ఏళ్ల రేడియోధార్మికత స్ఫటికాన్ని లోపలి నుంచి దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న గింజ లేజర్ కింద వేరుగా తెగుతుంది, దిద్దుబాటు తప్పుతుంది. ఆస్ట్రేలియాలో 346.5 కోట్ల ఏళ్ల ఓజీ-1 జిర్కాన్‌ను సిద్ధం చేసుకున్నది పాత శిలల కోసమే.

అయితే మన గుట్టల్లోనూ అలాంటి మేలిమి స్ఫటికం దొరికి తీరుతుందన్న ఉత్సాహం నాకు లేదు. మన గ్రానైట్ల జిర్కాన్లలో పగుళ్లు, సీసం కారిపోయిన జాడలు మామూలే. గింజలను 900 డిగ్రీల వరకు వేడిచేసి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో చెడిన భాగాన్ని కరిగించే పద్ధతి 2005 నుంచి ఉంది కానీ, ఆ తర్వాత మిగిలేది కొద్దిపాటి గింజలే. అందుచేత మొదటి శ్రేణి ప్రమాణం, అంటే కొలతను దిద్దుకునే ఖనిజం కోసం ఏళ్లు వెచ్చించడం కన్నా, రెండో శ్రేణి ప్రమాణంతో, అంటే కొలత సరిగా సాగుతోందా అని తనిఖీ చేసుకునే ఖనిజంతో మొదలుపెట్టడం మేలు. చార్నకైటు వంటి, తీవ్రమైన వేడిలో మారిన శిలలుండే గ్రాన్యులైటు ప్రాంతంలోని మొనజైటు అనే మరో ఖనిజాన్ని కూడా పరీక్షించాలి. దానికి ప్రపంచంలో నమ్మదగిన ప్రమాణాలు జిర్కాన్ కన్నా తక్కువ.

ముడిసరుకుకు కొదవ లేదు. క్వారీల పక్కన అమ్ముడుపోని దిమ్మెలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఏ బండ నుంచి తీశారో కచ్చితంగా చెప్పగల ఒకే దిమ్మె వందల కిలోల రాయినిస్తుంది. దాన్ని దంచి, జల్లించి, అయస్కాంతంతోనూ భారద్రవాలతోనూ వేరుచేసి, మైక్రోస్కోపు కింద గింజ గింజా ఏరడం ఓపికతో చేసే పని. దీనికి వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం, నిట్‌లలోని రసాయన, భౌతికశాస్త్ర విభాగాలు చేయి వేయగలవు. లేజర్ కొలతలకు హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది, ఢిల్లీలో శిలల వయసు కట్టే జాతీయ జియోక్రోనాలజీ కేంద్రం ఉంది. బాక్సైటు వంటి ముడిఖనిజాలకు ధ్రువీకరించిన ప్రమాణాలను తయారుచేసిన బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) విభాగం కూడా హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడి అనుభవం రసాయన కూర్పుకు సంబంధించినదే తప్ప వయసుకు కాదు. అయినా గింజకూ గింజకూ తేడా ఎంతో లెక్కకట్టే క్రమశిక్షణ రెండింటికీ ఒకటే.

అసలు కష్టం గింజ దొరికాక మొదలవుతుంది. గింజను పూర్తిగా కరిగించి, తెలిసిన మోతాదులో ప్రత్యేక ఐసోటోపులు కలిపి కొలిచే పద్ధతిలో కనీసం రెండు మూడు ప్రయోగశాలలు, ఒకరి అంకె ఒకరికి తెలియకుండా, ఒకే వయసుకు రావాలి. అందులో ఒకటైనా విదేశీ ప్రయోగశాల కాకపోతే ఫలితాన్ని బయట ఎవరూ వాడరు. దేశాభిమానంతో దీన్ని దాటేయలేం. ఇంత చేశాక మిగిలేది ఒక సీసాడు గింజలు, ఒక ప్రచురణ. పదోన్నతికి ప్రచురణలను లెక్కపెట్టే మన విశ్వవిద్యాలయ పద్ధతిలో నాలుగైదేళ్లకు ఒక్క వ్యాసం తెచ్చే పనికి యువ అధ్యాపకులు ఎందుకు ముందుకొస్తారు? పరిశోధనకు నిధులిచ్చే సంస్థలు ప్రామాణిక ఖనిజాన్ని పేటెంటుతో సమానంగా లెక్కించాలి. గింజలను భద్రపరిచి, ఎవరికి ఎంత పంపారో రాసిపెట్టి, ఉచితంగా పంచే ఒక శాశ్వత ఉద్యోగి జీతాన్ని ప్రాజెక్టు గడువుతో ముడిపెట్టకుండా మంజూరు చేయాలి. ఇందుకోసం జిల్లా ఖనిజ నిధి వైపు చూడటం మాత్రం తగదు, అది తవ్వకాల వల్ల నష్టపోయిన ఊళ్ల సొమ్ము.